శీనూ, ఆ సంతకం పెట్టకముందే ఇది చదువు

ఒరేయ్ శీనూ,

"ఎడిసన్‌లో అద్దెకిచ్చిన ఇల్లు నవంబరులో అమ్మేస్తున్నా, డబ్బు చేతికి రాగానే ఇంకోటి చూసుకుంటా" అని నిన్న ఫోన్లో అన్నావు చూడు, నాకు గుండె జారింది. వెనక సీట్లో పిల్లల గోలలో సరిగ్గా చెప్పలేకపోయాను. డబ్బు నీ ఖాతాలో పడిందా, ఇక అంతే. మర్నాడే ఇంకో ఇల్లు కొన్నా 1031 ఎక్స్ఛేంజ్ కింద చెల్లదు. అంటే అద్దె ఇల్లు అమ్మి దాని బదులు ఇంకోటి కొంటే లాభం మీద పన్ను వాయిదా పడే పద్ధతి అన్నమాట.

మా ప్లేనో అద్దె ఇల్లు గుర్తుందిగా? 2011లో లక్షా 80 వేల డాలర్లకు కొన్నాం, 2024లో 4 లక్షల 20 వేలకు అమ్మాం. ఖర్చులు పోను 3 లక్షల 95 వేలు. లోన్ ఎప్పుడో తీర్చేశాం. లాభం 2 లక్షల 15 వేలే కదా అని అమ్మే ముందు అన్నాను. మా పన్నులు చూసే అకౌంటెంటు, సీపీఏ, నవ్వాడు. కట్టడం విలువను 27.5 ఏళ్లకు పంచి ఏటేటా అరుగుదల ఖర్చు (డిప్రిసియేషన్) చూపించుకున్నాం కదా, ఆ 68 వేలూ ఇప్పుడు మళ్లీ లెక్కలోకి వస్తాయిట, వాటి మీద 25 శాతం దాకా పన్ను. మిగతా లాభం మీద 15 శాతం. మా జీతాలు కలిస్తే పైన ఇంకో 3.8 శాతం. మొత్తం 60 వేల దాకా తేలింది. ఆ కాగితం చూసి మీ చెల్లెమ్మ కాఫీ చల్లారేదాకా మాట్లాడలేదు. మాకు టెక్సాస్‌లో స్టేట్ ట్యాక్స్ లేదు కాబట్టి సరిపోయింది, మీ న్యూజెర్సీలో అదీ ఉంటుంది.

అందుకే ఎక్స్ఛేంజ్ చేశాం. అమ్మిన డబ్బు మన చేతికి తగలకుండా నేరుగా మధ్యవర్తి దగ్గరికి పోతుంది. అతన్నే క్యూఐ (క్వాలిఫైడ్ ఇంటర్మీడియరీ) అంటారు. అమ్మకం పూర్తయ్యే రోజుకి, అదే క్లోజింగ్‌కి, ముందే అతనితో ఒప్పందం అయిపోవాలి. నీ పన్నులు చూసే సీపీఏని పెట్టుకుంటానంటే కుదరదు. 2008లో ఇలాంటి పెద్ద మధ్యవర్తి కంపెనీ ఒకటి దివాలా తీస్తే జనం డబ్బు ఇరుక్కుపోయింది, కాబట్టి డబ్బు నీ పేరున విడిగా ఉంచుతారో లేదో అడుగు.

అసలు టెన్షన్ 45 రోజుల దగ్గర. అమ్మిన రోజు నుంచి 45 రోజుల్లో ఏ ఇళ్లు కొనాలనుకుంటున్నావో సంతకం పెట్టి రాసివ్వాలి, 180 రోజుల్లో కొనెయ్యాలి. శని ఆదివారాలకీ పండగలకీ మినహాయింపు లేదు. ఇండియన్ స్టోర్‌లో ఇచ్చిన తెలుగు క్యాలెండర్ మీద ఆ తేదీ చుట్టూ ఎర్ర స్కెచ్‌తో సున్నా చుట్టి పెట్టాం. మొదట నచ్చిన ఇంట్లో ఇన్‌స్పెక్టర్ హాల్లో గోళీ ఒకటి కింద పెట్టాడు. అది దానంతటదే దొర్లుకుంటూ వంటింటి గోడ దాకా పోయింది! ఫౌండేషన్ కుంగిందన్నమాట. రెండోది ఎవరో ఎక్కువ పాడి పట్టుకుపోయారు. 44వ రోజు రాత్రి మూడిళ్ల అడ్రసులు రాసి పంపాం. మూడిళ్ల దాకా అయితే ధరతో పని లేదు, ఎంత ఖరీదువైనా రాయొచ్చు. చివరికి మెకిన్నీలో 3 లక్షల 80 వేలకు దొరికింది. మిగిలిన 15 వేల మీద పన్ను కట్టక తప్పలేదు. దాన్ని "బూట్" అంటారు. ఎవడు పెట్టాడో గానీ పేరు, తన్నినట్టే ఉంది.

కొండాపూర్‌లో ఫ్లాట్ తీసుకుంటానన్నావు కదా, అది ఇందులోకి రాదు. ఇక్కడి ఆస్తికి ఇక్కడి ఆస్తే. అదీ అద్దెకిచ్చేదో, పెట్టుబడికి కొన్నదో కావాలి. మీరు కాపురముండటానికి కొంటే చెల్లదు. ఇంటికి బదులు షాపు కొనుక్కో, ఖాళీ స్థలం కొనుక్కో, ఫరవాలేదు.

పన్ను మాఫీ అయిందని మాత్రం మురిసిపోకు. పాత ఇంటి లెక్క కొత్త ఇంటికి అంటుకునే వస్తుంది. అది అమ్మినప్పుడు అంతా కట్టాలి, లేదా మళ్లీ మార్చుకోవాలి. మనం పోయాక పిల్లలకు వస్తే, అప్పటి ధరే కొన్న ధర కింద లెక్క కాబట్టి పాత లాభం చెరిగిపోతుంది. చావే తెలివైన ప్లాన్ అని మా సీపీఏ జోకు.

నవంబరులో అమ్మితే ఇంకో మెలిక. 180 రోజులు పన్ను రిటర్నుకు ఆఖరి రోజైన ఏప్రిల్ 15 దాటతాయి. రిటర్నుకు టైము పొడిగించమని ఎక్స్‌టెన్షన్ వెయ్యకపోయావో, కొనే గడువు ఆ రోజుతోనే ఆగిపోతుంది.

బయ్యర్‌తో అగ్రిమెంట్ అయిపోయిందా? కాకపోతే, నువ్వు ఎక్స్ఛేంజ్ చేస్తున్నావనీ అతను సహకరించాలనీ ఒక లైను రాయించు. ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి, మా క్యూఐ నంబరిస్తా. అమ్మకి నా నమస్కారాలు చెప్పు, మోకాలు ఎలా ఉందో కూడా రాయి.

నీ,
మురళి