కోటిపల్లి నుంచి పంటు మీద వచ్చిన మేస్త్రీ గారికి కృతజ్ఞతలు

నిన్న రాత్రి పదకొండు గంటలకు మా లాంచీ క్యాబిన్‌కు ఆఖరి పూత వేశాం. చేతులకు వార్నీషు వాసన పోలేదు, వేళ్లు ముడుచుకోవడం లేదు. నిద్రపోయి లేస్తే ఈ మాటలు ఇలా రావని ఇప్పుడే రాస్తున్నాను.

2022 జులై వరద గోదావరి వాళ్లెవరూ మరిచిపోలేరు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన ఆ రోజుల్లో, ముక్తేశ్వరం వైపు కట్టి ఉంచిన మా నాన్నగారి లాంచీ పక్కకు ఒరిగి, క్యాబిన్‌లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తోడాక చూస్తే టేకు పలకల మీద ఒండ్రు చారలు, ఇనుప మేకుల చుట్టూ నల్లమచ్చలు, పొలుసులు లేచిన పాత వార్నీషు. పలకలు పీకేసి సన్‌మైకా అంటించమని అందరూ చెప్పారు. నాన్నగారు ముప్పై ఏళ్లు వీపు ఆనించి కూర్చున్న పలకలవి. నాకు మనసొప్పలేదు. ఈ కార్తీకంలో లాంచీని గట్టెక్కించి నేనే పని మొదలుపెట్టాను.

మూడో రోజు రేవులో, నది దాటించే పంటు దిగిన ఒక పెద్దాయన గుమ్మం దగ్గర ఆగారు. తాళ్లరేవు వైపు పడవలు కట్టిన వడ్రంగి. వయసు డెబ్బై దాటింది, కోటిపల్లిలో కూతురింటికి వచ్చారు. నేను ఉప్పుకాగితం అడ్డంగా రుద్దుతుంటే చూసి, "అలా కాదు బాబూ, చెక్క గీతల వెంటే పోవాలి" అంటూ లోపలికి వచ్చి కూర్చున్నారు. పగిలిన గాజు ముక్క ఒకటి అడిగి తీసుకుని గీకితే, పాత వార్నీషు పొట్టులా లేచిపోయింది. మరునాడు తన ఉలి, తన టిఫిన్ క్యారియర్ తెచ్చుకున్నారు. అలా పదకొండు రోజులు గోదావరి పాయ గౌతమి దాటి వచ్చారు. నల్లమచ్చలను ఆగ్జాలిక్ ఆమ్లంతో తీయించి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగించారు. పలకల వెనుక తడి ఆరేదాకా వార్నీషు డబ్బా మూత తీయనివ్వలేదు. టేకులో నూనె ఉంటుందని, థిన్నరుతో తుడిచాకే మొదటి పూత వేయాలని, అదీ బాగా పలుచన చేసి వేస్తేనే చెక్క తాగుతుందని చేసి చూపించారు.

ఆయన రాని ఒక సాయంత్రం, అల్పపీడనం జల్లు పడుతున్నా తొందరపడి నేనొక్కణ్ణే ఒక పూత వేశాను. తెల్లారేసరికి క్యాబిన్ అంతా పాలు చల్లినట్టు తెల్లబారింది. మెట్ల మీద కూలబడ్డాను. ఆయన వచ్చి చూశారు. వద్దన్న పని ఎందుకు చేశావని ఒక్క మాట అనలేదు. సంచి దింపి, ఉప్పుకాగితం రెండు ముక్కలుగా చించి, ఒకటి నా చేతిలో పెట్టి, "టీ తాగి మొదలుపెడదాం బాబూ. ఎండ వస్తుంది" అన్నారు. నాన్నగారు పోయినప్పుడు కూడా ఏడవని నేను ఆ ఉప్పుకాగితం ముక్క పట్టుకుని ఏడ్చాను. ఆయన నా వైపు తిరగకుండా, నాకు సిగ్గు కలగకుండా, పలక రుద్దుతూ ఉండిపోయారు. చివరి రోజు డబ్బు ఇవ్వబోతే చేయి వెనక్కి తీసుకున్నారు. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

నా భార్య, తమ్ముడు, బావగారు రాత్రీ పగలూ నా వెంటే ఉన్నారు. వాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం చెప్పకుండా ఉండలేను. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగిన ఘోరం తర్వాత పడవల తనిఖీ గట్టిగా ఉండాలని కోరుకునే వాళ్లలో నేనూ ఒకణ్ణి. కానీ ఏ కాగితాలు కావాలో ఒకేసారి రాసి ఇవ్వడానికి తనిఖీ అధికారులకు ఏం అడ్డం? నాలుగుసార్లు పిలిచి, పిలిచిన ప్రతిసారీ కొత్త కాగితం అడిగారు. తనిఖీకి వస్తామన్న రోజు ఎవరూ రాలేదు, ఫోను కూడా చేయలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి పదకొండు రోజులు నది దాటి వచ్చారు.

అయ్యో, రొయ్యల చెరువు షెడ్డు నుంచి కరెంటు ఇచ్చిన అన్నయ్యను మరిచాను. మెరైన్ వార్నీషు కాకినాడ నుంచి బస్సులో తెచ్చిచ్చిన డ్రైవరు గారికి, రేవులో టీ కొట్టు అక్కకు నమస్కారాలు. అక్కా, బాకీ రేపు తీరుస్తాను. ఇంకొకరు, పంటు మీద టిక్కెట్లు ఇచ్చే అబ్బాయి. మేస్త్రీ గారు ఎందుకు వస్తున్నారో తెలిసిన రోజు నుంచి ఆయన దగ్గర డబ్బు తీసుకోలేదట. నాకు ఇవాళ పొద్దున్నే తెలిసింది.