కిటికీ పూతలపై 'నానో' ముద్ర ఒక్కటే చాలదు

సంపాదక మహాశయా,

ఇంట్లో విద్యుత్ ఆదా అనగానే ఏసీలు, ఫ్యాన్లు, దీపాల గురించే మాట్లాడతాం తప్ప కిటికీ అద్దాన్ని ఎవరూ పట్టించుకోరు. నేలకు చేరే సూర్యశక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలే కనుక, వెలుతురును రానిచ్చి ఆ కిరణాలను మాత్రం తిప్పికొట్టే పూత ఉంటే గది చీకటి కాకుండానే వేడి తగ్గుతుంది. సుమారు 10 నానోమీటర్ల (నానోమీటరంటే మీటరులో వందకోట్లవ వంతు) మందమున్న వెండి పొరను ఆక్సైడ్ పొరల నడుమ అమర్చి చేసే పూతలు ఈ పనే చేస్తాయి. మామూలు అద్దం ఉద్గారత, అంటే వేడిని కిరణాలుగా వెదజల్లే గుణం, సుమారు 0.84 కాగా, ఈ పూత వేసిన తలానికి అది 0.1 లోపే ఉంటుంది.

అయితే 'నానో' అని రాసిన ప్రతి ఫిల్మూ ఇలాంటిదే అనుకోవడం పొరపాటు. కొన్ని ఫిల్ములు వేడిని తిప్పికొట్టకుండా పీల్చుకుంటాయి. అప్పుడు అద్దమే వేడెక్కి అందులో కొంత గదిలోకి వదులుతుంది, ఎండా నీడా సమంగా పడనిచోట పగిలినా పగలవచ్చు. వెండి పూతకు తేమ గిట్టదు కాబట్టి, దాన్ని సాధారణంగా మూసివేసిన జంట అద్దాల లోపలి వైపునే ఉంచుతారు. అద్దంపై చేత్తో పులిమే ద్రవం దీనికి సాటి అని చెప్పేవారిని పరీక్ష నివేదిక అడగడం మన హక్కు. చలి ప్రాంతాల సంగతి వేరు: ఎండ వేడిని ఆపే పూత అక్కడ శీతకాలంలో హీటరు ఖర్చును పెంచగలదు.

సుమారు 68 డిగ్రీల సెల్సియస్ దాటితే పరారుణ కిరణాలను అడ్డుకునేలా స్వభావం మార్చుకునే వనేడియం డయాక్సైడ్‌కు టంగ్‌స్టన్ కలిపి ఆ ఉష్ణోగ్రతను తగ్గించే ప్రయోగాలు ఆసక్తికరమే. కానీ ముందుగా, అమ్మకంలో ఉన్న ప్రతి పూతపైనా అది లోనికి రానిచ్చే సౌరతాపం, వెలుతురు, దాని ఉద్గారత ఎంతో అంకెల్లో ముద్రించడాన్ని తప్పనిసరి చేయాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు