మా అబ్బాయి మళ్ళీ బంతి వేశాడు: ఒక పెద్దాయనకు కృతజ్ఞతలు

నిన్న రాత్రి బేస్‌బాల్ ఆటలో, ఏడో ఇన్నింగ్స్‌లో, బుల్‌పెన్ (పిచ్చర్లు, అంటే బంతి విసిరేవాళ్ళు, చేయి వేడెక్కించుకునే చోటు) తలుపు తెరుచుకుని మా అబ్బాయి మైదానంలోకి నడిచి వచ్చాడు. పద్నాలుగు నెలల తర్వాత కాలేజీ జట్టు తరఫున వాడు వేసినవి పదకొండు బంతులు. ఒళ్ళు అలసిపోయినా నిద్ర పట్టలేదు. ఈ మాటలు ఇప్పుడే రాయకపోతే తప్పు చేసినదాన్నవుతాను.

నిరుడు వాడి కుడి మోచేతి లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) తెగి, దాని స్థానంలో కొత్తది అమర్చే టామీ జాన్ శస్త్రచికిత్స జరిగింది. మావారు, అత్తయ్యగారు, మా చెల్లెలు ఇల్లు చూసుకున్నారు. వారికి నేను వేరే చెప్పనక్కరలేదు. చెప్పవలసింది అమెరికాలోని ఫీనిక్స్‌లో ఒక ఫిజియోథెరపీ కేంద్రంలో పరిచయమైన ఒక పెద్దాయన గురించి. భుజం నొప్పితో అక్కడికి వచ్చిన ఆయన, వాడి కట్టు చూసి, తన చొక్కా చేయి మడిచి, మోచేతి లోపలివైపున్న పాత మచ్చను చూపించారు. తొమ్మిదేళ్ళు కింది స్థాయి మైనర్ లీగుల్లో రిలీఫ్ పిచ్చర్‌గా (ఆట మధ్యలో మరో పిచ్చర్ బదులు దిగేవాడిగా) ఆడి, అన్నిటికన్నా పైదైన మేజర్ లీగ్‌లో ఒక్క బంతీ వేయకుండానే ఆట మానిన మనిషి ఆయన.

నాకు సెలవు దొరకని ప్రతి మంగళవారం ఆయనే వాడిని కారులో తీసుకువెళ్ళారు. పెట్రోలు డబ్బులు ఎంత బతిమాలినా తీసుకోలేదు. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ చేతిలో ఈ శస్త్రచికిత్స మొదటిసారి చేయించుకున్న పిచ్చర్ టామీ జాన్ 1976లో తిరిగి వచ్చి 1989 దాకా ఆడాడనీ, అతని 288 విజయాల్లో 164 ఆ తర్వాతివేననీ, 2012లో మోకాలి లిగమెంట్ తెగిన రిలీఫ్ పిచ్చర్ మరియానో రివేరా మరుసటి ఏడాది తిరిగి వచ్చి 44 సేవ్‌లు (చివర్లో దిగి జట్టు ఆధిక్యాన్ని నిలబెట్టిన ఆటలు) సాధించాడనీ దారి పొడవునా చెప్పేవారు. తన సంగతి మాత్రం అడిగితేనే చెప్పేవారు. బుల్‌పెన్‌లో కోచ్ నుంచి ఫోను మోగగానే లేచి చేయి వేడెక్కించుకోవడం, అవసరం లేదంటే కూర్చోవడం, ఒకే రాత్రి మూడుసార్లు లేచి కూడా మైదానంలో అడుగుపెట్టకపోవడం. ఆ బంతులు స్కోరు పుస్తకంలో ఎక్కవు, మోచేతికి మాత్రం అన్నీ లెక్కేనని ఆయన అన్నారు.

ఐదో నెలలో వాడు మొదటిసారి 45 అడుగుల దూరం నుంచి బంతి విసిరిన రోజున ఎదురుగా గ్లవ్ వేసుకుని నిలబడింది ఆయనే. భుజం లేవక, పట్టిన ప్రతి బంతినీ వంగి నేల మీద దొర్లించి తిరిగి పంపారు. అది చూసి నేను కారులో కూర్చుని ఏడ్చాను.

ఏడాదికి పైగా పట్టే చికిత్సకు కొద్ది వారాల థెరపీ చాలునని మా బీమా సంస్థ రెండుసార్లు తిప్పికొట్టిన బాధ ఇంకా పోలేదు. ఆ పెద్దాయన ఆడిన కాలంలో వసంతకాలపు శిక్షణకు జీతమే ఉండేది కాదు. చలికాలమంతా గోదాములో పెట్టెలు మోశారు. మైనర్ లీగ్ ఆటగాళ్ళకు క్లబ్బులే వసతి ఇవ్వడం 2022లో, వారి మొదటి ఉమ్మడి వేతన ఒప్పందం 2023లో వచ్చాయి. అవి ఆయనకు అందలేదు.

అయ్యా, మీ పేరు రాయవద్దన్నారు కనుక రాయడం లేదు. మీ రుణం తీర్చుకోలేనిది.

మరిచాను: బీమాకు మూడోసారి ఉత్తరం రాసిపెట్టిన రిసెప్షన్ అమ్మాయికి, వాడి కుడిచేయి కదలని రోజుల్లో క్లాసు నోట్సు రాసిచ్చిన, జట్టులో వాడి బంతులు పట్టే క్యాచర్ మిత్రుడికి, ఆసుపత్రికి పప్పుచారు, అన్నం పంపిన పక్కింటి విజయవాడ వదినగారికి కూడా నా నమస్కారాలు.