టేపు మీరనుకున్నంత మొరటుది కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఇండస్ట్రియల్ నాయిస్ సంగీతం మీద, అంటే యంత్రాల రొదనే సరుకుగా వాడే సంగీతం మీద వ్యాసం వేశారు. క్యాసెట్ల మీద బతికినవాణ్ణి కాబట్టి ఆ అరపేజీ రెండుసార్లు చదివాను. శబ్దాన్ని అంకెల్లోకి మార్చకుండా పట్టే అనలాగ్ టేపంటే పచ్చిదనీ మొరటుదనీ, అంకెలుగా రాసుకునే డిజిటల్ అంటే ఉతికి ఇస్త్రీ చేసినదనీ తేల్చేశారు. టేపుతో నలభై ఏళ్లు కాపురం చేసినవాడిగా చెబుతున్నాను, మీరు చెప్పింది తిరగబడింది. ఇంకో చిన్న మాట. బొమ్మ కింద క్యాసెట్ డెక్ అని రాశారు గానీ అది స్పూల్ రికార్డర్. అంతంత చక్రాలు క్యాసెట్‌లో ఎక్కడ పడతాయండీ?

చిక్కడపల్లిలో మాది రికార్డింగ్ సెంటర్. జనం కాగితం మీద పాటల చిట్టా రాసుకొచ్చేవారు, మేం రికార్డుల నుంచి అరవై నిమిషాల, తొంభై నిమిషాల క్యాసెట్లలోకి ఎక్కించి ఇచ్చేవాళ్లం. నా పనంతా చప్పుడును చంపడమే. దూది చుట్టిన పుల్లను స్పిరిట్‌లో ముంచి టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్డు తుడవడం, టేపును లాగే పించ్ రోలరుకు పట్టిన గోధుమరంగు పొడి గీకడం, హెడ్డు పక్కనున్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ తాళాల చప్పుడు ఎక్కడ విచ్చుకుంటుందా అని చెవి ఒగ్గి వినడం. టేపు బుస తగ్గుతుందని డాల్బీ మీట ఉన్న డెక్కు అప్పు చేసి మరీ కొన్నాను. క్యాసెట్లలో వాడిన డాల్బీ బి 1968 నాటిది, పూర్తిగా అనలాగ్ సర్క్యూటు. శబ్దాన్ని కడిగేయాలన్న యావ కంప్యూటర్ తెచ్చింది కాదు. మాకది ముందునుంచే ఉంది.

ఇప్పుడు దుకాణం రిపేర్లకే పరిమితం. నిరుడు ఎండాకాలంలో బాలానగర్ నుంచి ఒక కుర్రాడు వాళ్ల తాత డెక్కు పట్టుకొచ్చాడు. చక్రాలు తిప్పే రబ్బరు బెల్టు సాగిపోయి పాట తాగినవాడి నడకలా తూలుతోంది. మార్చాలన్నాను.

"అంకుల్, హెడ్డు తుడువుండ్రి గానీ బెల్టు ముట్టకుండ్రి" అన్నాడు.

నా సర్వీసులో అలాంటి గిరాకీ అతనే మొదలు. అతను చేసేది ఈ నాయిస్ సంగీతమేనట. ఆ పేర్లన్నీ అతని నోటనే మొదటిసారి విన్నాను. లండన్‌లో 1975లో మొదలైన త్రాబింగ్ గ్రిసిల్ బృందం, మరుసటేడు వాళ్లు పెట్టుకున్న ఇండస్ట్రియల్ రికార్డ్స్ కంపెనీ. ఆ కంపెనీ పేరే ఈ తరహా సంగీతానికి పేరుగా నిలిచింది. ఆ బృందంలోని క్రిస్ కార్టర్ ఎలక్ట్రానిక్స్ పత్రికలో అచ్చయిన సర్క్యూటు పట్టుకుని శబ్దాన్ని గుర్రుమనిపించే గ్రిసిలైజర్ అనే పెట్టె సొంతంగా కట్టుకున్నాడని తెలిశాక నాకు ఆయన మీద అభిమానం పుట్టుకొచ్చింది. నేనూ 'ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ' పత్రిక ముందు పెట్టుకుని, కోఠి గుజరాతీ గల్లీలో ట్రాన్సిస్టర్లు ఏరుకొచ్చి యాంప్లిఫయర్లు కట్టినవాణ్ణే. నాది గుర్రుమంటే గిరాకీలు తిట్టారు. ఆయనది గుర్రుమంటే చరిత్రలో రాసుకున్నారు.

ఇక టేపు సంగతి. ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప తుప్పులాంటి పొడి పూతే టేపంటే. లోపలికి ఎంత శబ్దం తోస్తే అంత అయస్కాంతం పడుతుంది, కానీ దానికో హద్దుంది. ఆ హద్దు దగ్గరపడేకొద్దీ పొడి మెల్లమెల్లగా మొరాయిస్తుంది. మీటరు సూది ఎర్రగీత దాటాక శబ్దం కొస తెగిపోదు, గుండ్రమవుతుంది. అదీగాక క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లే నడుస్తుంది. ఆ నత్తనడకలో సన్నని కీచు శబ్దాలు అందరికంటే ముందు చతికిలబడతాయి. ఇది మొరటుదనమా? పిల్లవాడు దెబ్బ తగలకుండా గోడకు దిండ్లు కట్టినట్టు కాదూ?

డిజిటల్‌లో ఆ మర్యాద లేదు. సీడీ సంగతే చూడండి. శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతనూ 16 బిట్ల అంకెగా రాసుకుంటుంది. పైకి పోయే కొద్దీ అంకె పెరుగుతుంది, 32,767 దగ్గర ఆగుతుంది. ఆ పైన రాయడానికి అంకె లేదు. వచ్చిన అలను అక్కడే కత్తిపీటతో కోసినట్టు కోసేస్తుంది. అదే కోత సాఫ్ట్‌వేర్ లోపల పడితే, కోత వల్ల కొత్తగా పుట్టిన శబ్దాల్లో కొన్ని ఆ కొలతల వేగానికున్న హద్దు దాటలేక వెనక్కి మడతపడి, మూల శబ్దంతో ఏ చుట్టరికమూ లేని అపస్వరాలై వినిపిస్తాయి. పచ్చిది కావాలంటే ఇంతకంటే పచ్చిది ఎక్కడ దొరుకుతుంది?

జపాన్‌లో మెర్జ్‌బౌ పేరుతో ఈ సంగీతం చేసే మసామి అకిటా 1979లో మొదలుపెట్టి చాలాకాలం టేపులూ తుక్కు సామాన్లతోనే నడిపాడు. 1990ల చివర్లో ల్యాప్‌టాప్ పట్టాడు. ఆ రికార్డులు కుర్రాడు నాకు వినిపించాడు. చెవి మీద కరుణ ఏమీ పెరగలేదు. మూడు నిమిషాలకు మించి నావల్ల కాలేదనుకోండి, అది వేరే సంగతి.

మరి మీ వ్యాసకర్తకు డిజిటల్ అంటే ఇస్త్రీ బట్ట అని ఎందుకనిపించింది? అనిపించడంలో తప్పు లేదు, తప్పు ఎవరిదో పట్టుకోవడంలో వచ్చింది తేడా.

కుర్రాడి నాన్న బాలానగర్‌లో పవర్ ప్రెస్సు మీద పని చేస్తాడు. రేకు పెట్టడం, పెడల్ తొక్కడం, ప్రెస్సు దిగడం, ముక్క తీయడం. రోజంతా అదే. ఫ్యాక్టరీ నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ హద్దని పెట్టారు. ఆయన కుడి చెవి మాత్రం ఆ హద్దు ఎప్పుడో దాటేసింది, మనం ఏం చెప్పినా ఎడమ చెవి తిప్పి వింటాడు. ఆ ప్రెస్సు చప్పుడును కుర్రాడు మొదట ఫోన్‌లో పట్టుకొచ్చాడు. కౌంటర్ మీద పెట్టి వినిపించాడు. మొదటి రెండు దెబ్బలు వినిపించాయి. మోటారు గుర్రుమన్నది క్షణంలో మాయమైంది. తర్వాత వాళ్ల నాన్న "ఏయ్, పక్కకు జరుగు" అని కసరడం మటుకు గుడి మైకులో ప్రకటనలా ఖంగుమని వినిపించింది. ప్రెస్సు లేదు! మనిషి గొంతే సరుకు, మిగిలిందంతా చెత్త అని ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్ ముందే తీర్మానించుకుని ఊడ్చిపారేసింది. మాట్లాడుకోవడానికి చేసిన యంత్రం, దాని పని అది చేసింది. కానీ చెత్తనే సంగీతమనుకునేవాడికి అంతకంటే పగవాడెవడు? మీ వ్యాసకర్త పట్టుకోవాల్సింది ఆ ఊడ్చేదాన్ని, డిజిటల్‌ను కాదు.

నాకూ పట్టుదల పుట్టింది. ఒక ఆదివారం నా పోర్టబుల్ క్యాసెట్ రికార్డరూ, కుర్రాడి స్నేహితుడి దగ్గరున్న, మైకు శబ్దాన్ని కంప్యూటర్‌కు ఎక్కించే ఆడియో ఇంటర్‌ఫేసూ ల్యాప్‌టాపూ మోసుకుని ముగ్గురం ఆ షెడ్డుకు వెళ్లాం. ఏ ఫిల్టరూ, ఏ ఆటోమేటిక్ సర్దుబాటూ పెట్టలేదు. రెండింటికీ ఒకే మైకు, రెండింట్లోనూ హద్దు దాటేలా స్థాయి పెంచాం. సాయంత్రం దుకాణంలో వాళ్ల నాన్నను స్టూలు మీద కూర్చోబెట్టి ఏది ఏదో చెప్పకుండా వినిపించాం.

టేపు విని నవ్వాడు. "ఇది మా ప్రెస్సు గాదు, పక్కింట్ల రోలు" అన్నాడు. నిజమే, బియ్యం దంచినట్టుంది. మోటారు మాత్రం అందులో బ్రహ్మాండంగా ఉంది, వెచ్చగా, లావుగా, పొట్టలో తిరుగుతున్నట్టు.

రెండోది ల్యాప్‌టాప్‌ది. మొదటి దెబ్బ పడగానే తొడ మీదున్న కుడిచెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. ముప్పై ఏళ్లుగా రేకు పెట్టి ప్రెస్సు దిగేలోగా లాక్కునే చెయ్యి అది. తర్వాత తనకే సిగ్గేసి టీ అడిగాడు.

కుర్రాడు ఇప్పుడు చేస్తున్న ముక్కలో దెబ్బలు ల్యాప్‌టాప్‌వి, మోటారు టేపుది. దీన్ని మీ వ్యాసకర్త ఏ గంపలో వేస్తారో నాకు తెలియదు. పైగా అమ్మకానికున్న సాఫ్ట్‌వేర్లలో టేపు బుసను కొత్తగా కలిపి ఇచ్చేవి ఉన్నాయట. ఆ బుస వదిలించడానికి అప్పు చేసినవాణ్ణి, నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వీలైతే ఆ బొమ్మ కింది పేరైనా సవరించండి. కుర్రాడి డెక్కు గత వారమే ఇచ్చేశాను. హెడ్డు తుడిచి, ఎంత చెప్పినా వినక కొత్త బెల్టే వేశాను. అలా కాకపోతే నాకు నిద్ర పట్టదు. పాత బెల్టు పొట్లం కట్టి పెట్టెకు గమ్ టేపుతో అతికించి ఇచ్చాను. స్క్రూ డ్రైవరు పట్టుకోవడం అతనికీ వచ్చు.

ఇట్లు,
ఒక పాత రికార్డింగ్ సెంటర్ యజమాని,
చిక్కడపల్లి, హైదరాబాద్