బంగారు తీగ పంపే సందేశాలు మన ల్యాబుల్లోనూ చదవాలి

సంపాదకులకు నమస్కారం.

వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో పదును ఉండగానే మినుము చల్లే వాళ్లం మేం. సంక్రాంతి దాటేసరికి చేలో అక్కడక్కడా పసుపు దారం చిక్కుపడ్డట్టు బంగారు తీగ అనే పరాన్న కలుపు కనిపిస్తుంది. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, దాని పుణ్యాన ఒక ఏడాది మా ఇంట్లో ఉన్న బంగారం తాకట్టుకు పోయింది.

మీ వ్యవసాయ పేజీలో దీని గురించి తరచూ రాస్తున్నారు. విత్తనం జల్లెడ పట్టండి, పెండిమిథాలిన్ కలుపు మందు ఇసుకలో కలిపి చల్లండి, పూత రాకముందే పీకి తగలబెట్టండి అని. మంచి సలహాలే, మేం చేస్తున్నవే. అయినా దాని గింజ భూమిలో పదేళ్లకు పైగా బతికే ఉంటుంది. జన్యువుల పనిని అదుపు చేసే బుల్లి ఆర్ఎన్ఏ ముక్కలైన మైక్రో ఆర్ఎన్ఏలను కనిపెట్టిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లకు 2024లో నోబెల్ వచ్చినప్పుడు ఆ వార్త కూడా ఆసక్తిగా చదివాను. దానికీ మా చేలోని తీగకూ చుట్టరికం ఉందని మాత్రం ఎవరూ రాయలేదు.

ఈ తీగకు వేరుండదు, ఆకుండదు. మొక్క కాడను చుట్టుకుని, అందులోకి చిన్న చిన్న నోళ్లు దింపి రసం పీలుస్తుందని మా తాతల కాలం నుంచీ తెలుసు. పీలుస్తూనే తన వైపు నుంచి ఏదో పంపుతోందని 2018లో నేచర్ పత్రికలో అమెరికా శాస్త్రవేత్తలు బయటపెట్టారు. కేవలం 22 రసాయన అక్షరాల పొడవుండే మైక్రో ఆర్ఎన్ఏలు అవి. తీగ పట్టిన మొక్క జన్యువుల నుంచి వెళ్లే సందేశాలను పట్టుకుని, ఆ మొక్క సొంత యంత్రాంగంతోనే ముక్కలు చేయిస్తాయి. అలా దెబ్బతినే జన్యువుల్లో ఒకటి, గాయమైన చోట రసం కారిపోకుండా అడ్డుపడే ప్రోటీన్‌ను తయారు చేసేది. దొంగ ముందు కుక్క నోరు కట్టినట్టు! ఆ జన్యువు పని చేయని మొక్కల మీద తీగ ఇంకా ఏపుగా పెరిగిందట.

"అయితే మినుము జన్యువుల్లో తీగ గురి పెట్టే చోట ఆ నాలుగు అక్షరాలు మార్చేస్తే పోలేదా?" అని బయోటెక్నాలజీ చదివే మా అబ్బాయిని అడిగాను. "అంత తేలిక కాదు నాన్నా" అంటూ 2019 నాటి మరో పరిశోధన చూపించాడు. తీగ గురి పెట్టేది మొక్కలు అంత సులువుగా మార్చుకోలేని చోట్లనే. జాతికో రకంగా చిన్న తేడాలు ఉన్న చోట, తన దగ్గరా రకరకాల మైక్రో ఆర్ఎన్ఏలు పెట్టుకుంటుంది, తాళంచెవుల గుత్తిలా. మినుము, వలిసె, లూసర్న్ గడ్డి అని చూడకుండా అన్నింటినీ పట్టుకునే తీగకు అలాంటి గుత్తి ఉండటంలో వింతేముంది.

ఎదురుదెబ్బ కొట్టే దారీ ఉంది. తీగ ఎదుగుదలకు కావలసిన ఒక జన్యువును నోరు మూయించే ఆర్ఎన్ఏను పొగాకు మొక్కల్లోనే తయారయ్యేలా చేస్తే, వాటిని పీల్చిన తీగ నీరసించిందని డేవిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో నీలిమా సిన్హా బృందం 2012లోనే చూపించింది. బంగాళాదుంపను తినే పెంకు పురుగు మీద ఇదే సూత్రంతో పనిచేసే ఆర్ఎన్ఏ స్ప్రేకు 2023 చివర్లో అమెరికా ప్రభుత్వం అనుమతి కూడా ఇచ్చింది.

నేను చెప్పిన తీగ ప్రయోగాలు ఆవాల జాతి చిన్న మొక్క అరబిడాప్సిస్ మీద, పొగాకు జాతి మొక్కల మీద చేసినవి. మినుములో ఈ తీగ ఏయే జన్యువుల నోరు కడుతోందో గుంటూరు దగ్గరి లాం ఫారం పరిశోధన కేంద్రంలోనో, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనో చూడాలని నా కోరిక. మన దగ్గర ఆ విద్య లేక కాదు. సాంబ మసూరి జన్యువును సవరించి చేసిన 'కమల' వరిని 2025లో విడుదల చేసింది రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ వాళ్లే కదా. మీరూ ఈ సంగతి వ్యవసాయ పేజీలో రాయండి, రైతులకు అర్థం కాదని దాచొద్దు. ఎరువు బస్తా మీద ఉన్న ఇంగ్లీషే చదువుకుంటున్నాం.

శాస్త్రవేత్తలు ఎవరైనా వస్తామంటే, తీగ పట్టిన ఒక మడిని పీకకుండా ఉంచుతాను. పూతకు రాకముందే రావాలి మరి.

– ఒక మినుము రైతు, అవనిగడ్డ, కృష్ణా జిల్లా