మామిడి పాదుల్లో చీమల మందు పొడి ఆపించాలి

సంపాదకులకు,

పూత రాకముందే మా చిత్తూరు, తిరుపతి జిల్లాల మామిడి తోటల్లో ఒక పని ఏటా జరిగిపోతోంది. మాను మీద చీమల బారు కనబడితే చాలు, పాదు చుట్టూ చీమల మందు పొడి చల్లేస్తున్నారు. ఇప్పటికీ దాన్ని ‘గమాక్సిన్’ అనే పాత పురుగుమందు పేరుతోనే పిలుస్తారు. ఆ కోవలోని లిండేన్ వాడకం 2013లోనే ఆగిపోయింది. మిథైల్ పారాథియాన్ అనే మరో పురుగుమందును 2018లో, ఫోరేట్ గుళికలను 2020 చివర్లో నిషేధించారు. పాత పేరు మాత్రం ఊళ్లలో నిలిచిపోయింది, ఆ పేరు మీద ఇప్పుడు ఎక్కువగా పడుతున్నది క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు. ఈ అలవాటు తోటకూ, మార్కెట్‌కూ చేటు చేస్తోంది. దీన్ని ఈసారైనా పూతకు ముందే మాన్పించాలి.

చీమ మాను ఎక్కేది ఆకు కోసమో కాయ కోసమో కాదు, పురుగులు వదిలే తీపి బంక కోసం. పిండినల్లి, పొలుసు పురుగు, పేనుబంక, తేనెమంచు పురుగు చెట్టు రసం పీలుస్తాయి. ఆ రసంలో చక్కెర ఎక్కువ, ఒంటికి పట్టే పోషకం తక్కువ. అందుకే అవసరానికి మించి తాగి, మిగిలిన తీపి నీటిని వెనక నుంచి వదిలేస్తాయి. చీమకు అదే మేత. పాడి పశువును కాచుకున్నట్టు చీమలు ఆ పురుగులను కాచుకుంటాయి. పిండినల్లిని తినే అక్షింతల పురుగును కరిచి తరుముతాయి, పిండినల్లి ఒంట్లో గుడ్లు పెట్టే సన్నపాటి కందిరీగలను వాలనివ్వవు. బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరు వైపు బయటపడి మల్బరీకీ పాకినప్పుడు, 2010లో విదేశాల నుంచి తెప్పించిన అలాంటి చిన్న కందిరీగే దాన్ని అదుపు చేసింది. చీమల కాపలా ఉన్నచోట ఈ మిత్రుల పని సాగదు.

మరి పొడి చల్లితే ఏమవుతుంది? నేల మీద తిరిగే కూలి చీమలు చస్తాయి. లోతున ఉన్న రాణి బతికే ఉంటుంది, కొన్ని వారాల్లో బారు మళ్లీ మొదలవుతుంది. కొమ్మల్లో మైనపు పూత కింద ఉన్న పిండినల్లికి ఆ పొడి తగలనే తగలదు. పైగా చెదలను వేటాడే చీమలు, సాలీళ్లు, నేల మీది పెంకు పురుగులు దానికే బలవుతాయి. మన ఎర్ర ఇసుక నేలల్లో మానుకు మట్టి పొర కట్టే చెదలు ఎంత పీడో రైతుకు చెప్పనక్కర్లేదు.

చెయ్యాల్సింది చీమను చంపడం కాదు, దాని దారిని తెంచడం. 25 సెంటీమీటర్ల వెడల్పు, 400 గేజి పాలిథిన్ పట్టీని నేలకు అడుగు, అడుగున్నర ఎత్తులో మాను చుట్టూ బిగించి, పైనా కిందా పురికొసతో కట్టాలి. బెరడు పగుళ్లలో సందులుంటే చీమ పట్టీ కింద నుంచే దూరిపోతుంది కాబట్టి ముందే తడి మట్టితో పూడ్చాలి. గ్రీజును పట్టీ మీదే రాయాలి. నేరుగా మానుకు రాస్తే, ముఖ్యంగా లేత మొక్కల్లో, బెరడు దెబ్బతింటుంది.

పట్టీ కట్టినా చీమలు ఎక్కుతున్నాయంటే నాలుగు చోట్ల చూడాలి: నేలకు ఆనిన కొమ్మ, మానును తాకే కలుపు, పక్క చెట్టుతో కలిసిన కొమ్మ, కాయ బరువుకు పెట్టిన ఊతకర్ర. వీటిలో ఒక్కటి మిగిలినా శ్రమంతా వృథా. కింది కొమ్మలను నేలకు రెండు మూడు అడుగులు పైకి ఉండేలా కత్తిరించాలి. ఊతకర్రలకూ గ్రీజు పట్టీ వెయ్యాలి. గ్రీజు మీద దుమ్ము పేరుకుంటే అదే చీమకు వంతెన అవుతుంది, రెండు మూడు వారాలకోసారి తుడిచి మళ్లీ రాయాలి. కోత అయ్యాక పట్టీ విప్పెయ్యాలి, వదిలేస్తే దాని కింద తేమ చేరి బెరడు కుళ్లుతుంది, పురుగులూ దాక్కుంటాయి.

బారు మరీ ఎక్కువైతే ఎర ఉంది. లీటరు గోరువెచ్చని నీటిలో 100 గ్రాముల చక్కెర, 10 గ్రాముల బోరిక్ ఆమ్లం పొడి కరిగించి, దూదిని తడిపి, మూతకు రెండు మూడు మిల్లీమీటర్ల చిల్లులు పెట్టిన డబ్బాలో ఉంచాలి. చిల్లు పెద్దదైతే తేనెటీగలు దూరతాయి. త్వరగా చావాలని మందు మోతాదు పెంచడం అందరూ చేసే తప్పు. కూలి చీమలు దారిలోనే చస్తే ఆ తీపి రాణి దాకా చేరదు. వారానికోసారి ద్రావణం మార్చాలి, పిల్లలకూ పశువులకూ అందకుండా పెట్టాలి.

ఇక్కడొక తేడా గట్టిగా చెప్పాలి. పచ్చి ఆకులను తెల్లటి పట్టుతో కుట్టి గూడు కట్టే ఎర్రచీమ అచ్చమైన వేటగాడు. చైనా నారింజ తోటల్లో పురుగుల కోసం దాని గూళ్లను కొని తెచ్చుకునేవారని క్రీ.శ. 304 నాటి రాతలున్నాయి. ఆఫ్రికాలోని బెనిన్ మామిడి తోటల్లో దీని దగ్గరి బంధువైన ఆఫ్రికా చీమ ఉన్న చెట్లకు పండుఈగ నష్టం తగ్గినట్టు 2007లో పరిశోధకులు చూపారు. మన దగ్గర ఆకుగూడు పురుగు గూడని పొరబడి దీని గూళ్లను కాల్చేస్తున్నారు. పురుగు గూట్లో ఆకులు ఎండి, రెట్ట నిండి ఉంటాయి. చీమ గూడు పచ్చగా ఉంటుంది. ఇదీ కొంత పిండినల్లిని సాకుతుంది, నిజమే. పిండినల్లి ఎక్కువైన కొమ్మ వరకే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి కొడితే సరిపోతుంది. ఆ చెట్లకు గ్రీజు పట్టీ వద్దు. కోత కూలీలు కాట్లకు భయపడటం న్యాయమే, వాళ్లకు నిండు చేతుల చొక్కా, చేతులకు రుద్దుకునే కట్టెల బూడిద ఇవ్వడం తోట యజమాని బాధ్యత.

వేరుశనగలో వేసే అలసంద సాళ్లదీ ఇదే కథ. అలసంద పూకాడ మీద పూల మధ్య తేనె గ్రంథులుంటాయి, చీమలు వాటికోసమే రావచ్చు. పేనుబంక ఉందో లేదో చూడకుండా మందు కొట్టకూడదు.

ఐరోపా సంఘం 2020లో క్లోరిపైరిఫాస్ అనుమతిని పొడిగించలేదు. అదే ఏడాది నవంబరు నుంచి పండులో దాని అవశేషం కిలోకు 0.01 మిల్లీగ్రాముకు మించకూడదంటోంది. తోతాపురి గుజ్జును ఎగుమతి చేసే జిల్లాలో పాదుకు పొడి చల్లడం మన మార్కెట్‌ను మనమే మూసుకోవడం.

ఉద్యాన శాఖ పూతకు ముందే ప్రతి రైతు సేవా కేంద్రంలో ఒక చెట్టుకు పట్టీ కట్టి చూపించాలి. తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఈ చీమల బొమ్మలతో ఒక్క పేజీ కరపత్రం తేవాలి. పేరూ లేబులూ లేని పొడిని విడిగా అమ్మే దుకాణాలను తనిఖీ చెయ్యాలి. ఇవన్నీ డిసెంబరు లోపే జరగాలి, పూత మొదలయ్యాక పట్టీ కట్టినా పిండినల్లి అప్పటికే కొమ్మెక్కి ఉంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పూతలపట్టు, చిత్తూరు జిల్లా