ఇల్లెందు–కిన్నెరసాని ట్రిప్పు: పాత గుంత దగ్గర ఇక ఆగం

మా బండిలో ఏటా వచ్చేవాళ్లకు, ఈ సీజన్‌కు అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు నమస్తే.

ఇకనుంచి ఇల్లెందు దగ్గర మూతపడ్డ ఓపెన్‌కాస్ట్ గుంత (పైనుంచి తవ్వి బొగ్గు తీసిన చోటు) వద్ద బండి ఆగదు. ఆ నీలం నీళ్ల ఫొటో కోసమే చాలామంది వస్తారని నాకు తెలుసు. మా పోస్టర్ మీద పెద్దగా వేసిన బొమ్మ కూడా అదే. అందుకే ఈ మాట చెప్పడానికి చాలా రోజులు మనసొప్పలేదు.

వానలు తగ్గాక రూటు చూసొద్దామని వెళ్లాను. కంచెకు ఇవతల మనం ఎప్పుడూ నిలబడే చోటే నేల నెర్రెలిచ్చింది. ఒక నెర్రెలో నా అరచెయ్యి నిలువునా దిగింది. కంచె స్తంభం ఒకటి గుంతలోకి వాలి తీగకు వేలాడుతోంది. అది గట్టి నేల కాదు, బొగ్గు కోసం తవ్వినప్పుడు తీసి పోసిన మట్టి. నీళ్లు దిగాక ఎప్పుడు జారుతుందో చెప్పలేం. మా బాపు ఇల్లెందు బొగ్గుబాయిలో పనిచేసిన మనిషి. ఫొటో చూపిస్తే, "పిల్లలను అక్కడ నిలబెడతావురా?" అన్నాడు. దూరంగా తాడు కట్టి చూపిద్దామా అని కూడా ఆలోచించాను. సెల్ఫీ కోసం తాడు దాటేవాళ్లను ఆపడం నా వల్ల కాదు.

ఈ సంగతి చెప్పగానే ఏళ్లుగా వచ్చే ఒక గ్రూపు బుకింగ్ రద్దు చేసుకుంది. డీజిల్ మిగుల్చుకోవడానికి సాకు చెప్తున్నానట. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. గుంత ఉన్నది మనం పోయే దారి పక్కనే, ఆగకపోతే నాకు మిగిలేదేముంది?

1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తించాడు, 1889లో తవ్వకం మొదలైంది. అక్కడితో ఆ కథ అయిపోలేదు. సింగరేణి బొగ్గుతో నడిచే పాల్వంచ థర్మల్ కేంద్రానికి నీళ్ల కోసం కిన్నెరసాని మీద డ్యాం కట్టారు. చుట్టూ ఉన్న అడవి 1977లో అభయారణ్యం అయింది. ఇప్పుడు ఆ నీళ్లలో మొసళ్లున్నాయి, గట్టున జింకల పార్కు ఉంది. గుంత దగ్గర మిగిలే టైమంతా అక్కడే ఇస్తాం, తొందరపెట్టం.

రేటు పాతదే. ఈ మార్పు నచ్చనివాళ్లు ఫోన్ చేస్తే అడ్వాన్స్ పైసా తగ్గకుండా తిరిగిస్తాను. దారిలో ఆపమని డ్రైవరును మాత్రం బతిమాలొద్దు, అతనికి గట్టిగా చెప్పి పెట్టాను.